బీగుల కుండ

ఊర్లు గూడా ఒకదానికొకటి బీగులైతాయని నాకు ఎనబై ఎనిమిదో యేడు ఎండాకాలంలోనే తెలిసింది. వియ్యంకుల్ని మా పక్క బీగులంటాం.

శివరాత్రి పోయిన వారం మండల పంచాయితీ మీటింగు. ప్రధాన్ మల్లేశప్ప ఒక కాగితం పట్టుకోని లేచినాడు. హాలెండు అని ఒక దేశముండాదంట. ఆ దేశంలో ఒక చిన్న ఊరి పంచాయితీకీ మా పంచాయితీకీ స్నేహం కుదిరిందంట. పెద్ద సర్కార్ల కోసం కాచుకోకుండా ఊరూ ఊరూ చేతులు కలిపి సాయం చేసుకునేది, ఒకరి కష్టం గురించి ఇంకొకరు పెద్ద సభల్లో మాట్లాడేది లోకమంతా జరుగుతాండాదంట. "మన కోసం వాళ్ళు, వాళ్ళ కోసం మనం" అని గట్టిగా చదివి చెమట తుడుచుకున్నాడు.

"వాళ్ళ కోసం మనమేం చేసేదప్పా?" అని అడిగినాను.

ఆడోళ్ళకని పెట్టిన సీట్లో గెలిచిన మెంబరును నేను. అంతవరకు ఆ మీటింగుల్లో నేను చేసిన పనల్లా టీ తాగేది, చూపిచ్చిన కాడ సంతకం పెట్టేది.

"నువ్వు గమ్మునుండు తిమ్మక్కా" అన్నాడు మల్లేశప్ప. "ఉగాది లోపల ఒక దొరసాని వస్తాది. మన నీళ్ళ సంగతి చూసుకోని పోయి వాళ్ళ పంచాయితీలో పెడ్తాది. వాళ్ళు ఓటేస్తే నాగలమడిక ఏట్లో లోతుగా బావి తవ్వి, మీ పల్లెతో కలిపి అయిదు పల్లెలకు పైపు వేస్తారు."

పైపు అనే మాట వినంగానే నేను టీ గ్లాసు కింద పెట్టినాను. నా కూతురు రామాంజినమ్మకు అప్పుడు ఏడేండ్లు. పండ్లు ముందే గారపట్టి గోధుమరంగుకు తిరిగినాయి. దాన్ని మేం లెక్క చేయలేదు, మా పల్లెలో ఎవరి పండ్లు తెల్లగుండాయి గనక. అంతకు ముందు దీపావళి నుంచి మోకాళ్ళు లోపలికి వంగేది మొదలైంది. పావగడలో డాక్టరుకు చూపిస్తే, "నీళ్ళల్లో ఫ్లోరైడు ఎక్కువైందమ్మా, ఎముక తింటాది. ఇంకా లేత ఎముక, ఇప్పుడు నీళ్ళు మార్చితే నిలబడతాది. ఇంకో రెండు మూడేండ్లు ఇవే తాగితే ఆపైన నా చేతుల్లో లేదు" అన్నాడు. నీళ్ళు మార్చాలంట. చీర మార్చినంత సులువుగా చెప్పి పంపినాడు.

యాడ మార్చేది? నాలుగేండ్లుగా వాన లేదు. శనక్కాయ చెట్టు జానెడు లేచి మాడిపోతాంది. బావులెండినాయి. ముందునుంచీ చవుడు నీళ్ళే, బోరింగు లోతుకు పోయేకొద్దీ ఇంకా చవుడు తిరిగినాయి. మా ఇంటాయన కాటప్పకు నలబై నిండకనే మెడ బిగుసుకపోయింది. ఎవరన్నా వెనకనుంచి పిలిస్తే తల తిరగదు, మనిషంతా తిరగాల. ఏట్లో ఇసక తోడితే తీపినీళ్ళు ఊరుతాయి, కానీ ఏరు ఆరు మైళ్ళు. కూలికి పోకుంటే పొయ్యి వెలగనోళ్ళం, దినామూ ఎవరు పోతారు?

అయినా మా పల్లెలో ఇంటింటికీ ఒక బీగుల కుండ ఉంటాది. దాని సంగతి చెప్పకుంటే ఈ కథే లేదు.

మా సీమలో పిల్లనిచ్చేవాళ్ళు ముందు ఆ ఊరికి పోయి నీళ్ళు తాగి చూస్తారు. నీళ్ళు బాగలేకుంటే ఇల్లు గూడా చూడకుండా వెనక్కి తిరిగిపోతారు. అందుకని సంబంధానికి ఎవరన్నా వస్తాండారని తెలిస్తే, ముందు దినమే ఏటికి బండి కట్టి, చెలమ తోడి, తీపినీళ్ళు తెచ్చి ఆ కుండలో పెడతారు. మా నాయన గూడా ఆ నీళ్ళే తాగి, "కొబ్బరినీళ్ళేనమ్మా, అదృష్టవంతురాలివి" అని మురిసిపోయి నన్నిచ్చినాడు. పెండ్లయిన మూడో దినం అసలు నీళ్ళు నోట్లో పోసుకోని థూ అని ఊసినాను. మాయత్త గుండమ్మ పకపకా నవ్వింది. "నేను గూడా ఇట్లనే ఊసినాలే, దా, అలవాటైతాది" అనింది. అలవాటైంది.

దొరసాని వచ్చే వారానికి మల్లేశప్ప పల్లెకు వచ్చి హుకుం వేసినాడు. చావిడికి సున్నం కొట్టాల. మామిడాకులు కట్టాల. మెడలు బిగిసినోళ్ళు, కాళ్ళు వంగినోళ్ళు ముందర కూర్చోవాల, దొరసానికి బాగా అగపడాల. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె. సున్నానికి నీళ్ళెక్కడివి అని అడిగితే నా వైపు గుర్రుగా చూసినాడు. పోయేముందు బండి ఎక్కుతా ఇంకో మాట అన్నాడు. "తాగేదానికి మాత్రం ఏటి నీళ్ళు తెప్పించండి. ఆ చవుడు నీళ్ళు తాగి ఆమెకేమన్నా అయితే దేశం పరువు పోతాది."

అది చెప్పకున్నా తెప్పిస్తాం. రెండు బండ్లు పోయి వచ్చినాయి. దొరసాని రాత్రి మా ఇంట్లోనే అన్నం తింటాదని తెలిసి మాయత్త బీగుల కుండను చింతపండుతో తోమి, వాకిట్లో ఎండబెట్టి, గుడ్డ కట్టి నీళ్ళు వడబోసి పెట్టింది. రామాంజి ఒక లోటా అడిగితే, "బీగులు పోయినాక తాగుదువులే" అని చెయ్యి మీద కొట్టింది.

ఆమె పేరు హెన్నీ. మా వాళ్ళు హెన్నమ్మ అన్నారు, ఆమెకు అదే బాగుందంట. ఎత్తు మనిషి, యాబై దాటినాయి. ఎండకు మొగమంతా టమేటా అయిపోయింది. ఆమె మాట మాకు, మా మాట ఆమెకు చెప్పేదానికి తుమకూరు సంఘం నుంచి గంగాధరప్ప వచ్చినాడు. మాటకు ముందు కండ్లద్దాలు సరిచేసుకునే మంచి మనిషి.

ఆమె సున్నం కొట్టిన చావిడి చూడనే లేదు. నేరుగా బోరింగు కాడికి పోయి, తానే కొట్టి, దోసిట్లో పట్టుకోని తాగింది. మల్లేశప్ప "అయ్యయ్యో మేడం" అని పరిగెత్తినాడు. ఆమె మొగం ఇంత చేసుకోని, మింగి, "ఇవే తాగుతారా?" అని అడిగింది. అవునన్నాం. ఆ తర్వాత మా ఇంటికి వచ్చింది. రామాంజిని నిలబెట్టి, మోకాళ్ళు రెండూ ఆనించి, చీలమండల మధ్యన తన చెయ్యి పెట్టి చూసింది. నాలుగువేళ్ళూ పట్టినాయి. రామాంజికి చక్కిలిగిలి పుట్టి కిలకిలా నవ్వింది. దాని పండ్లు చూసి హెన్నమ్మ తల తిప్పుకునింది.

రాత్రి నేల మీదనే కూర్చోని సంగటి తినింది. శనక్కాయ ఊరుబిండి పచ్చడి రెండుసార్లు అడిగి వేయించుకునింది.

"నేను గూడా నీ మాదిరే మెంబరు" అని గంగాధరప్పతో చెప్పించింది. "మాకు ఆవులుండాయి. పొద్దున పాలు పిండి మీటింగుకు పోతా. మీ మీటింగులో నిన్ను మాట్లాడనిస్తారా?"

"సంతకం పెట్టనిస్తారు" అన్నాను.

గంగాధరప్ప అది చెప్పంగానే పొరబోయేట్లు నవ్వింది. "నన్ను మొదటి రెండేండ్లు కాఫీ అందియ్యమన్నారు" అనింది. నాకు ఆమె మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. మా అక్కకు గూడా నేనట్ల దగ్గర కాలేదు.

తర్వాత సంచిలోంచి ఒక గాజు సీసా తీసింది. తెల్లది, బిగుతు మూత. గంగాధరప్ప నిదానంగా ఒక్కొక్క మాటా చెప్పినాడు. "తిమ్మక్కా, బాగా విను. వాళ్ళ పంచాయితీలో ఇరవైయొక్క మంది. సగం మంది ఈమెకు ఎదురు. ఫొటోలు చూపిస్తే నమ్మరంట, ఏ ఊరివో ఏమో అంటారంట. ఈ సీసా వాళ్ళ టేబుల్ మీద పెడ్తాది. వాళ్ళ డాక్టర్లు నీళ్ళు పరీక్ష చేసి కాగితం ఇస్తారు. ఆ కాగితంతోనే ఓటు. ఆ పైన నూరు దేశాల ఊర్లోళ్ళు కూడే సభ ఒకటుండాది, ఆడ గూడా మన గురించి మాట్లాడతాది. రేపు పొద్దున బోరింగు కొంచేపు కొట్టి, ఆ నీళ్ళు దీంట్లో నింపి ఇయ్యి. ఒక మెంబరు చేత్తో నింపితే ఇంకొక మెంబరు తెచ్చినానని చెప్పుకుంటాదంట."

హెన్నమ్మ సీసా నా చేతికిచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకునింది.

పొద్దున కోడి కూయక ముందే బోరింగు కాడ బిందెలు వరస పెట్టినారు. నేను నా వంతు కోసం బిందె పెట్టి, మేకల్ని విప్పి కట్టి వచ్చేలోపల ఏడైంది. హెన్నమ్మనూ మల్లేశప్పనూ ఎక్కించుకోని జీపు వాకిట్లోకి వచ్చి నిలబడింది. సీసా కోసం ఇంట్లోకి పరిగెత్తితే, అది వంటింటి గడప మీద నిండుగా ఉండాది. మూత పక్కనుండాది. మాయత్త చీరకొంగుతో సీసా తుడుస్తాంది.

"ఇవి యాడివత్తా?"

"కుండలోవి."

"బోరింగువి కదా పట్టమన్నారు."

"నీకేమన్నా మతి పోయిందా?" అని గుసగుసగానే ఇంతెత్తు లేచింది. "బీగుల ఊరికి మొదటిసారి పంపే నీళ్ళు. ఇరవై మంది పెద్దమనుషుల ముందర పెడతారంట. ఆ చవుడు నీళ్ళు పంపుతావా? ఒక్కడు నోట్లో పోసుకోని థూ అంటే? మనతో సంబంధమే వద్దంటే? నలబై ఏండ్లుగా ఈ కుండతోనే పల్లెను నిలబెట్టుకున్నాం. ఇప్పుడు నువ్వు మెంబరువైనావని నేర్పిస్తావా నాకు?"

నాకు తెలియదా? తెలుసు. గంగాధరప్ప పసిబిడ్డకు చెప్పినట్ల చెప్పినాడు. నీళ్ళు వాకిట్లో పారబోసి, బోరింగు కాడికి నూరడుగులు పోయి, వరస తప్పించి పట్టుకోని రావాల. అంతే. వాకిట్లో మల్లేశప్ప గడియారం చూసుకుంటాండాడు. పారబోస్తే అందరూ చూస్తారు, ఏందని అడుగుతారు, మాయత్త పరువు పోతాది. హెన్నమ్మ తన నోటితో తాగిందే, రామాంజి కాళ్ళ మధ్య చెయ్యి పెట్టి చూసిందే, కండ్లతో చూసినాక ఇంక సీసాతో పనేముంది అనుకున్నాను. ఇవన్నీ తర్వాత నాకు నేను చెప్పుకున్న మాటలేమో. ఆ నిమిషం మాత్రం సీసాలో నీళ్ళు చూస్తే ఎంత బాగుండాయో. తళతళా మెరుస్తాండాయి. అవి మావే అయితే ఎంత బాగుండు అనిపించింది.

మూత తీసుకోని బిగించినాను.

మా ఇంటాయన అరుగు మీద కూర్చోనుండాడు. మనిషంతా నా వైపు తిరిగి చూసినాడు. నేను ఆయన్ని చూడకుండా వాకిట్లోకి పోయి, హెన్నమ్మ చేతిలో సీసా పెట్టినాను. ఆమె దాన్ని తన స్వెట్టరులో చుట్టి ఒళ్ళో పెట్టుకునింది. జీపు పోయినాక మాయత్త బీగుల కుండలో మిగిలిన నీళ్ళు రామాంజికి పోసింది. అది గటగటా తాగి ఇంకా అనింది.

చైత్రం పోయింది, వైశాఖం పోయింది. పైపు ఎవరింటి ముందు దిగాల, కొళాయి ఎవరి సందులో పెట్టాల అని పల్లెలో రెండుసార్లు జుట్లు పట్టుకున్నారు. నేనే తీర్పు చెప్పినాను. మెంబరంటే ఏందో అప్పుడు తెలిసినట్లుండింది నాకు.

జేష్ఠంలో విత్తనం కాయ వొలుస్తాంటే గంగాధరప్ప బస్సు దిగి వచ్చినాడు. వాన ఇంకా పడలేదు, అయినా ఆశ చావదు కదా, అరుగు మీద నేనూ మాయత్తా ఇద్దరమూ కాయ నానబెట్టి వొలుస్తాండాము. ఆయప్ప నీళ్ళడగలేదు. కూర్చోని, కండ్లద్దాలు సరిచేసుకోని, జేబులోంచి కాగితం తీసినాడు.

"హెన్నమ్మ రాసింది తిమ్మక్కా. నీకే రాసింది, ప్రధానుకు కాదు."

చదివినాడు. సభలో సీసా పెట్టినారంట. వాళ్ళ డాక్టర్లు రెండుసార్లు పరీక్ష చేసినారంట. దీంట్లో ఎముకలు తినేది ఏమీ లేదు, మంచినీళ్ళు అని రాసిచ్చినారంట. ఎదురు పక్క మెంబరొకాయన లేచి, ఈ ఊరికి మనం పైపు వేసేది కాదు, వాళ్ళనే మనకు వేయమందాం అన్నాడంట. అందరూ నవ్వినారంట. ఎనిమిది మంది ఒకపక్క, పదముగ్గురు ఒకపక్క. ఆ సాయం వేరే దేశంలో వేరే ఊరికి పోయింది. నూరు దేశాల సభలో మాట్లాడేదానికి గూడా ఆమె పేరు తీసేసినారు.

"ఇంకా ఉండాది" అన్నాడు గంగాధరప్ప. కాగితం తిప్పినాడు. "'తిమ్మక్కా, నేను ఆ నీళ్ళు తాగినాను. ఆ రుచి నా నోట్లో ఇంకా ఉండాది. ఆ బిడ్డ కాళ్ళు నేను చూసినాను. సీసాలో నీళ్ళు ఆ నీళ్ళు కావు. నాకు ఒక్క మాట చెప్పు, అవి యాడివి? నేనేమన్నా తప్పు చేసి నిన్ను నొప్పించినానా?'"

ఏడుపు గూడా రాలేదు నాకు. సిగ్గుతో ఒళ్ళంతా మండిపోయింది. నా బిడ్డ కాళ్ళు నేనే వంచినాను అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తాది, అబద్ధమెందుకు.

మాయత్త లేచింది. ఇంట్లోకి పోయి బీగుల కుండ ఎత్తుకోని వచ్చింది. పగలగొడ్తాదనుకున్నాను. లేదు, చంకలో పెట్టుకోని బోరింగు కాడికి పోయింది. మిట్టమధ్యాన్నం, ఎవరూ లేరు, కొట్టిన చప్పుడు ఇంటిదాకా వినపడింది. కుండ నిండా ఆ చవుడు నీళ్ళే పట్టుకోని వచ్చి, ఎప్పుడూ పెట్టే జాగాలోనే పెట్టి, పైన మూత వేసింది. ఒక చెంబు ముంచి గంగాధరప్పకు ఇచ్చింది.

"తాగు నాయినా" అనింది. "ఇవే మావి."

ఆయప్ప మొత్తం తాగినాడు.

ఆ వారం మీటింగులో నేను మొదటిసారి లేచి మాట్లాడినాను. తప్పు నాదే, ఇంకో సీసా పంపుదాం, నిజం రాద్దాం అన్నాను.

"ఏమని రాస్తావు?" అని మల్లేశప్ప బల్ల మీద కొట్టినాడు. "మేము దొంగ నీళ్ళిచ్చినామని రాస్తావా? మండలం పేరు నాశనమైతాది. ఇంకే ఊరోడూ మన మొగం చూడడు. కూర్చో."

"కూర్చోనప్పా."

"అయితే నిలబడే ఉండు" అని వేరే విషయం ఎత్తుకున్నాడు. మీటింగు అయ్యేదాకా నిలబడే ఉంటిని. ఒక్కరు గూడా నా వైపు చూడలేదు. చూస్తే వాళ్ళ ఇండ్లల్లో కుండలు గుర్తుకొస్తాయి కదా.

నేనూ గంగాధరప్పా కలిసి రాసినాం. అవి ఏటి నీళ్ళు, కుండలోవి, మూత బిగించింది నేనే అని రాయించి కింద నా చేత్తో సంతకం పెట్టినాను. ఈసారి నేనే బోరింగు కొట్టి సీసా నింపినాను. చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్ల. కార్తీకం పోయినాక అచ్చు వేసిన కాగితమొకటి వచ్చింది. వాళ్ళ ఊర్లో ఎలక్షన్లు అయినాయి, ఆమె ఇప్పుడు మెంబరు కాదు, మీ విషయం ముగిసింది, మీకు శుభం కలగాల అని ఉండాదంట. సీసా సంగతి దాంట్లో లేదు.

ఆ యేడు వాన విత్తనానికి గూడా రాలేదు. ఏట్లో చెలమలు ఎండేదాకా నేను రెండు దినాలకొకసారి ఒక్క బిందె రామాంజి కోసం మోసినాను. చెలమలు సంక్రాంతికి ముందే ఎండినాయి, మళ్ళా ఊరేలోపల డాక్టరు చెప్పిన రెండు మూడేండ్లు దాటిపోయినాయి. మాయత్త పోయి ఆరేండ్లయింది. పోయేముందు నోట్లో పోసేదానికి ఎవరో ఏటి నీళ్ళు తెస్తే పండ్లు బిగించుకునింది. బోరింగు నీళ్ళు పోస్తేనే మింగింది.

ఇప్పుడు మా ఇంటికి ఎవరొచ్చినా ఆ కుండలో నీళ్ళే ఇస్తాం. సంబంధానికి వచ్చినోళ్ళయినా సరే, ఆఫీసరైనా సరే. తిమ్మక్కకు మర్యాద తెలియదు, ఈ ఊరికి పిల్లనిచ్చేవాడు లేకుండా చేస్తాంది అని తిడతారు. తిట్టనీ.

పోయిన నెల బెంగళూరు నుంచి ఒకాయన సీసాలు పెట్టుకోని వచ్చినాడు. మళ్ళా ఏదో దేశమంట, మళ్ళా ఏదో ఊరంట. నేను సీసాకు చెయ్యి చాపేలోపల రామాంజి తీసుకునింది. దానికి ఇప్పుడు పదిహేడు. తొడలు పట్టుకోని లేస్తాది. ఒక్కొక్క అడుగుకూ నడుమంతా పక్కకు ఒరుగుతాది. బోరింగు నూరడుగులే గానీ, అది పోయి వచ్చేలోపల ఆయప్ప మా అరుగు మీద రెండుసార్లు లేచి రెండుసార్లు కూర్చున్నాడు.

"నేనే పట్టుకుంటుంటి కదమ్మా, నువ్వెందుకు" అన్నాడు.

రామాంజి నిండు సీసా ఒక చేతిలో, మూత ఒక చేతిలో పెట్టుకోని వచ్చి ఆయన ముందర నిలబడింది. నా వైపు చూడలేదు.

"నీళ్ళు నేను పట్టినాను సార్" అనింది. "మూత మాత్రం మీరే బిగించుకోండి."